ప్రియదర్శిని నుంచి గాండీవం దాకా

మన కల్పనాసాహిత్యంలో యంత్రాలు తక్కువ. వున్న కొద్దిపాటి యంత్రాలూ పురాణాల్లోంచి దిగివచ్చినవే. దీన్నొక దారిద్ర్యంగా చెప్పడం మన విమర్శకుల్లో కొందరికి అలవాటు. 1895 నాటికే ఇంగ్లీషువాళ్లకి వెల్స్ కాలయంత్రం వుంది, మనకి ఇంకా పుష్పకవిమానమే దిక్కు అని ఎత్తిపొడుస్తూ వుంటారు. ఈ ఎత్తిపొడుపు నాకు న్యాయంగా తోచదు. పాతదాంట్లోంచి తీసుకోవడమే తప్పయితే అసలు సాహిత్యమే లేదు. కందుకూరి వీరేశలింగం స్విఫ్ట్ కథ చట్రాన్ని తీసుకుని సత్యరాజుని ఆడమళయాళానికి పంపించి, ఆడదాని మీద మగవాడు చేసే పెత్తనాన్ని తిరగేసి చూపించాడు. చట్రం అరువుది. అడిగిన ప్రశ్న మాత్రం అచ్చంగా రాజమండ్రి వీధుల్లోది. రచయిత గతం దగ్గరికి వెళ్లాడా లేదా అని తగువులాడుకునే బదులు, వెళ్లినవాడు అక్కడ ఏమడిగాడో చూడడం మంచిది.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం వుంది. గత కొన్నేళ్లుగా తెలుగు సినిమాలో పురాణమూ విజ్ఞానశాస్త్రమూ కలిపిన కథలు వరసగా వస్తున్నాయి. 2022లో ‘కార్తికేయ 2’, 2024 జనవరిలో ‘హనుమాన్’, అదే ఏడు జూన్‌లో ‘కల్కి 2898 ఏ.డి.’ వచ్చాయి. సినిమాతోనే ఆగితే నేనింత దూరం ఆలోచించి వుండను. అభిప్రాయం చెప్పమని నా దగ్గరికి వచ్చే యువరచయితల కథల్లో కూడా ఇదే సరుకు కనపడుతోంది. ఒక తవ్వకంలో రాగిరేకు దొరుకుతుంది. దానిమీద ఎవరికీ అర్థంకాని సూత్రం వుంటుంది. నాయకుడికి అర్థమవుతుంది, ఎందుకంటే అతని తాతముత్తాతలు ఫలానా వాళ్లు. సూత్రం విప్పగానే రోగం కుదురుతుంది, యుద్ధం ఆగుతుంది, అమెరికావాళ్లు చేతులు కట్టుకు నిలబడతారు. ఈ కథల్లో గతం తాళం వేసిన ఇనప్పెట్టె. నాయకుడు ఆ పెట్టెకి వారసుడు. ప్రయోగం చేసేవాడు, చేసి ఓడేవాడు, మళ్లీ చేసేవాడు ఎక్కడా వుండడు. కొత్తది కనిపెట్టడం గురించిన కథలో కనిపెట్టే పనే లేకపోవడం వింత.

ఇది మన సంప్రదాయమే అనేవాళ్ల కోసం ‘మాయాబజార్’ దగ్గరికి వెళదాం. 1957లో విజయావారు తీశారు. కె.వి. రెడ్డి దర్శకుడు. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. ఆ కథ జనంలో పుట్టి, నాటకంగా ఊరూరా తిరిగింది. సురభివాళ్లు డేరాలు వేసి తీగల మీద మనుషుల్ని గాలిలో నడిపిస్తే మన తాతలు నోరు తెరుచుకుని చూశారు. అంటే పింగళి ముందున్న గతం శాస్త్రగ్రంథం కాదు, పదిమంది చేతుల్లో నలిగిన నాటకం. అందుకే దాన్ని చనువుగా తిరగరాయగలిగాడు.

అందులో ప్రియదర్శిని అనే పెట్టె వుంది. మూత తెరిచి చూసినవాళ్లకి తమకి అత్యంత ప్రియమైనది కనపడుతుంది. ల్యాప్‌టాప్‌నీ వీడియోకాల్‌నీ పింగళి 1957లోనే ఊహించాడని ఈ మధ్య తెగ మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు చవకది. దూరాన వున్నది కనపడడం మన కావ్యాల్లో కొత్త సంగతేమీ కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మణిస్తంభుడికి ఆ సిద్ధి వుండనే వుంది. నాగేంద్రరావు చేసిన కొత్త పని వేరే. పెట్టె ఒకటే, చూసేవాళ్లు పలువురు, కనపడేది ఎవరిది వారికి. శశిరేఖకి అభిమన్యుడు కనపడతాడు, బాగానే వుంది. రేవతికి నగలు కనపడతాయి. బలరాముడికి దుర్యోధనుడు కనపడతాడు. కృష్ణుడు చూస్తే శకుని! ఒక ఇంటిలో నలుగురు మనుషుల మధ్య దాగివున్న ఆస్తి లెక్కలూ రాజకీయమూ రెండు నిమిషాల్లో బయటపడ్డాయి. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే సంబంధం ఎందుకు చెడిందో ఆ తర్వాత ఎవరూ వివరించనక్కర్లేదు. దాని జోడీ సత్యపీఠం. అబద్ధం మీదే బతికిన శకుని ఆ పీటమీద నిలబడి కౌరవుల గుట్టంతా తానే కక్కుతాడు. ఈ రెండు వస్తువులూ చూసేవాణ్ణీ మాట్లాడేవాణ్ణీ పరీక్షకి పెడతాయి. మన పూర్వులు ఎంత గొప్పవాళ్లో నిరూపించే పని వాటికి లేదు.

గిల్పం, గింబళి సంగతి కూడా చెప్పాలి. తల్పం గిల్పం, కంబళి గింబళి అని మనం రోజూ మాట్లాడే జంటమాటల్లో రెండో సగానికి అర్థం లేదు కదా. పింగళి ఆ అర్థంలేని సగాన్ని పట్టుకుని దానికొక వస్తువుని తయారుచేశాడు. కౌరవుల వందిమాగధుల్ని ముప్పుతిప్పలు పెట్టే మంచమూ తివాచీ అలా పుట్టాయి. భాషలో ఎప్పటినించో పడివున్న తుక్కులోంచి కొత్తయంత్రం. మాటలు వేదంతోపాటు పైనించి ఊడిపడవు, ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయన్న ఎరుక ఆ సినిమాలో అడుగడుగునా వుంది. దుష్టచతుష్టయం, అసమదీయులు, తసమదీయులు, వీరతాడు: ఇవన్నీ ఆ కార్ఖానాలోవే. భాషాశాస్త్రం చదువుకునే విద్యార్థులు ఈ పనిని వేళాకోళంగా తీసుకోకూడదు. ఇక తెరమీద లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం, స్టూడియోలో వెన్నెల కాయడం మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం. మాయ అని చెప్పుకున్నదంతా కొందరు మనుషులు కొన్ని రాత్రులు కూచుని చేసిన పని.

‘మాయాబజార్’కి కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశాడు. కాలయంత్రం వెల్స్‌దే, కాని అది దిగినచోటు 1526 నాటి విజయనగరం. ఈ సినిమాలో నాకు నచ్చిన అంశం దొంగ. అతను మామూలు దొంగ కాడు, పురావస్తువుల్ని పోగేసే ధనికుడు. రాయలనాటి వజ్రం అతనికి కావాలి. గతాన్ని గాజుబీరువాలో పెట్టుకునే ఆస్తిగా చూసేవాడే ప్రతినాయకుడు కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. కాలయంత్రం మనవాళ్లని 2504 దాకా కూడా తీసుకెళ్లి, అణుయుద్ధం తర్వాత నేలకింద బతికే మనుషుల్ని చూపిస్తుంది. వెనకకి వెళ్లినంత దూరం ముందుకీ వెళ్లవలసిందే అన్న సమతూకం ఇక్కడ వుంది.

అయితే ఆ యంత్రం దిగినచోట రాజసభ, నర్తకి, తెనాలి రామకృష్ణుడు, వజ్రం ఇవే వున్నాయి. కాస్త అవతలికి వెళ్లివుంటే ఏం కనపడేదో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. రాయలు ఒక పెద్ద చెరువు తవ్విస్తున్నాడు. పదిహేను ఇరవై వేలమంది చీమలబారులా కట్టమీద పనిచేస్తుండగా పేస్ కళ్లారా చూశాడు. కట్ట పదేపదే తెగిపోతుంటే బ్రాహ్మణుల సలహామీద అరవైమంది మనుషుల్ని, గుర్రాలతోనూ దున్నలతోనూ సహా, బలి ఇచ్చారని కూడా అతనే రాశాడు. అదే చెరువుకి రాయలు ఒక పోర్చుగీసు ఇంజనీరు సాయం తీసుకున్నాడని పేస్ తర్వాత వచ్చిన నూనిజ్ చెబుతాడు. ఒకే కట్టమీద నరబలీ వుంది, విదేశీ ఇంజనీరూ వున్నాడు. కాలయంత్రం ఎక్కిన రచయిత దిగవలసిన చోటు అది. మన చారిత్రక నవలలు కూడా ఎక్కువగా సభాభవనం గుమ్మం దాటి చెరువుకట్ట దాకా వెళ్లవు కాబట్టి ఒక్క సింగీతాన్ని తప్పుపట్టి లాభం లేదు.

గతంలోంచి కొత్తది పుట్టడం నిజంగా ఎలా జరుగుతుందో చూడాలంటే మేం సినిమాకి వెళ్లనక్కర్లేదు, ధవళేశ్వరం వెళితే చాలు. 1832-33 నందన కరువులో జనం రాలిపోయారు. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. నడుమ గోదావరి మాత్రం నిండుగా పారి సముద్రంలో కలుస్తూనే వుంది. నదికి అడ్డంగా కట్ట కడదామంటే అక్కడ రాతిపునాది లేదు, ఎంత తవ్వినా ఇసకే. వెడల్పు చూస్తే లంకలతో కలిపి మైళ్లు. ఆనాటి ఇంజనీరింగు పాఠాల ప్రకారం ఇది ఆగేది కాదు. ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళులనాటిదని చెప్పే కల్లణై ఆనకట్టని చూశాడు. ఇసకలో రాళ్లు వేసి కట్టిన కట్ట వందల ఏళ్లుగా ఎందుకు కొట్టుకుపోలేదు? అతను అడిగిన ప్రశ్న ఇదే. జవాబు ఆ రాళ్లలోనే వుంది. పెద్దరాళ్లు ఇసకలో కుంగుతాయి, కుంగిన మేరకి పైన మళ్లీ రాళ్లు వేస్తారు, కొన్నాళ్లకి ఇక కుంగని బరువు ఏర్పడుతుంది. లోతు తెలియని ఇసకలో పునాది నిలపడం ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ తానే రాశాడు. ఆ పాఠానికి ఇసకలో దించిన బావులూ, సున్నపు గోడలూ, దిగువన వదులుగా పేర్చిన రాతిపరుపూ జోడించి 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశాడు. 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీ దాని స్థానంలోకి వచ్చేదాకా ఈ డెల్టా తిన్న ప్రతి మెతుకూ ఆ ఇసక పునాది మీదదే.

కంపెనీవాళ్లు దయతో కట్టించారని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. శిస్తు పెరుగుతుందని లెక్క చూపించాకే డబ్బు వచ్చింది. అది వేరే చర్చ. ఇక్కడ నాకు కావలసింది కాటన్ గతాన్ని పలకరించిన తీరు. కల్లణై కట్టిన చోళరాజు మహిమని అతను కీర్తించలేదు, రాయి ఎందుకు కుంగిందని అడిగాడు. మన గోదావరి ఒడ్డున ఆ తర్వాత ఏం జరిగింది? కాటన్ దొర విగ్రహాలు వెలిశాయి. స్నానఘట్టాల్లో పురోహితులు సంకల్పంలో అతని పేరు చేర్చారు. కృతజ్ఞత మంచిదే. కాని పనిని మరిచి, పనిచేసినవాణ్ణి అవతారం చేసుకోవడం మనకి ఎంత సులువో కూడా ఇది చెబుతుంది. దొరకే ఈ గతి పడితే విశ్వకర్మ సంగతి అడగాలా!

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ ‘వైమానిక శాస్త్రం’. భరద్వాజ మహర్షి రాశాడని చెప్పే ఆ గ్రంథాన్ని బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ శాస్త్రజ్ఞులు 1974లోనే శ్రద్ధగా పరిశీలించారు. అది ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో పుట్టిన రచన అని, అందులో వర్ణించిన విమానాలు ఎగరవని తేల్చారు. అయినా 2015లో బొంబాయి సైన్సు కాంగ్రెసులో ప్రాచీన విమానయానం మీద ఉపన్యాసం నడిచింది. 2019లో జలంధర్ సైన్సు కాంగ్రెసులో సాక్షాత్తూ మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు కౌరవులు పరీక్షనాళిక శిశువులన్నాడు, లంకలో విమానాశ్రయాలున్నాయన్నాడు. కట్టుకథని కట్టుకథగా రాసిన పింగళి దగ్గర ఎంత నిజాయితీ వుందో, కట్టుకథని శాస్త్రంగా చెప్పిన వేదికమీద అంత తక్కువ. మా బడిలో పిల్లలు మర్నాడు దాన్ని సామాన్యశాస్త్రం మాస్టారి దగ్గర ప్రస్తావిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయారు.

ఆ పిల్లలకే ఒకసారి నేను తెలుగు వ్యాసరచనగా, గతంలోంచి ఏదైనా నేర్చుకుని ఇప్పుడు పనికొచ్చే యంత్రాన్ని ఊహించి రాయమన్నాను. తొమ్మిదో తరగతి. చాలామంది బ్రహ్మాస్త్రాన్నీ, సంజయుడి దివ్యదృష్టినీ రాశారు. సినిమాలు చూస్తున్నారు మరి. కొబ్బరిపీచు తాళ్లు పేనే ఇంటి పిల్ల ఒకతె వేరేగా రాసింది. ఆమె యంత్రంలో ఏదైనా పాతవస్తువు పెడితే దాన్ని వాడిన చేతులు కనపడతాయి, ఎలా వాడారో కనపడుతుంది. ఆ పిల్ల అందులో వాళ్ల మామ్మ తాళ్ల రాట్నం పెట్టింది. మామ్మ చేతులు కనపడ్డాయి, అరిచేతుల్లో కాయలు కనపడ్డాయి. చూసిచూసి, ఈ రాట్నానికి సైకిలు పెడలు తగిలిస్తే ఒక మనిషి తిప్పే పని తప్పుతుంది కదా అని ముగించింది. ఒత్తులు తప్పులు, వాక్యాలు తెగిపోయాయి. కాని పైన చెప్పిన రాగిరేకు కథలన్నిటికంటే ఆ పేజీన్నరలో విజ్ఞానదృష్టి ఎక్కువ వుంది. గతం కనపడింది, కనపడిన చోట శ్రమ వుంది, శ్రమ దగ్గర నొప్పి వుంది, నొప్పి దగ్గర ఆలోచన పుట్టింది.

ఇక్కడ నాకు తెలిసిన ఒక కవిమిత్రుడి అభ్యంతరం చెప్పాలి. “రెండువందల ఏళ్లు మీకేమీ తెలియదని తెల్లవాడు చెప్పాడు. 1835లో మెకాలే మన గ్రంథాలయాలన్నిటినీ ఒక్క బీరువాకి సరితూచాడు. ఆ అవమానానికి జవాబుగా కొంచెం గొప్పలు చెప్పుకుంటే తప్పేమిటి మాస్టారూ?” అంటాడు. అవమానం నిజం. పరాయిపాలనలో గతాన్ని తలుచుకోవడం తిరుగుబాటుగా పనిచేసిన కాలమూ వుంది. కాని జవాబు చెప్పడానికి మనకి నిజమైన సరుకు లేకపోతే కదా అబద్ధం కావలసింది. ఉక్కు అనే మన దక్షిణాది మాటే ఐరోపాకి వెళ్లి వూట్జ్ అయింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలో ఇనుము కరిగించి చేసిన ఉక్కు పారశీక వర్తకులదాకా వెళ్లింది. 1819 ప్రాంతాల్లో లండనులో మైకేల్ ఫారడే ఈ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. రహస్యం పూర్తిగా చిక్కలేదు గాని, ఉక్కులో ఇతర లోహాలు కలిపి చూసే కొత్త పరిశోధన ఆ ప్రయత్నంలోంచే మొదలైంది. గతం కొత్తదానికి దారితీయడమంటే ఇదీ. కొలిమి దగ్గర నిలబడిన ఆ కోనసముద్రం కమ్మరి మాత్రం నేను చదివినంతలో ఒక్క తెలుగు నవలలోనూ నాయకుడు కాలేదు. బ్రహ్మాస్త్రం మీద గర్వపడేవాడికి ఈ కమ్మరి పేరుతో పనిలేదు; పనివుంటే కులం సంగతి కూడా మాట్లాడవలసి వస్తుంది.

ఇప్పుడు ‘కల్కి’. నాగ్ అశ్విన్ దర్శకుడు. సింగీతం ఈ చిత్రానికి మార్గదర్శిగా వున్నాడు, కనక 1957 నుంచి ఒక తీగ తెగకుండా సాగినట్టే. దీన్ని రాగిరేకు కథల్లో కలిపేసి కొట్టిపారెయ్యడం అన్యాయం. గంగ ఎండిపోయిన కాశీ, దానిమీద తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, కిందివాళ్ల నీరూ గాలీ అంతా పీల్చుకునే పైవాళ్లు: వర్గసమాజాన్ని ఇంత సూటిగా బొమ్మకట్టిన పెద్ద సినిమా ఈ మధ్య రాలేదు. పేర్లు తీసేసి నెంబర్లు తగిలించిన ఆడవాళ్ల గర్భాలని ప్రయోగశాల పాత్రలుగా వాడుకోవడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అశ్వత్థామ మరీ బాగా ఆలోచించిన పాత్ర. భారతంలో ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినవాడు ఇక్కడ ఒక గర్భానికి కాపలా కాస్తాడు. పాతకథలోని నేరాన్ని కప్పిపెట్టకుండా దానికి బాధ్యత వహింపజెయ్యడం, పింగళి వారసులు చెయ్యవలసిన పనే. కారుకి బుజ్జి అని పేరు పెట్టడంలో కూడా ఆ చమత్కారం కొంచెం మిగిలింది.

చిక్కంతా పరిష్కారం దగ్గర వస్తుంది. ఆకలితో వున్న కాశీ జనం ఆ మూడుగంటల్లో ఏమీ చెయ్యరు. యూనిట్లు పోగేసుకుని పైకి పోదామని చూస్తారు, లేదా తోసుకుంటారు. శంబలవాళ్లు ఎదురుచూస్తారు. కదిలేది కర్ణుడి పునర్జన్మ, అశ్వత్థామ మణి, చివరికి యాస్కిన్ చేతిలోకి వచ్చిన గాండీవం. కాంప్లెక్స్‌ని కట్టిన చేతులెవరివి, దాని యంత్రాలు నడిపేవాళ్లెవరు, వాళ్లు పని ఆపితే ఏమవుతుంది అన్న ప్రశ్న కథకుడికి తట్టలేదు. గాండీవం ఎవరు ఎత్తగలరన్నదే ప్రశ్న అయిపోయింది. ప్రియదర్శిని ఎవరు తెరిచినా పనిచేస్తుంది. రేవతీ తెరిచింది, బలరాముడూ తెరిచాడు, ఎవరి బండారం వాళ్లకి కనపడింది. గాండీవం అర్హుడికే లేస్తుంది. అర్హత ఎవరు నిర్ణయిస్తారని అడిగితే మళ్లీ పుట్టుక దగ్గరికే వెళతాం, ఏకలవ్యుడి బొటనవేలు దగ్గరికే వెళతాం. తర్వాతి భాగంలో ఆ గాండీవం ఎక్కుపెట్టేవాణ్ణి చూపించడానికి ఖర్చుపెట్టే శ్రద్ధలో పదోవంతు కాశీ వీధుల్లో ఒక పాత మోటారు విప్పి మళ్లీ బిగించే కుర్రాడి మీద పెడితే కథే మారిపోతుంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం వుంది. ఆనకట్ట నమూనాలున్నాయి. పిల్లల్ని తీసుకువెళితే దొర విగ్రహం దగ్గర ఫొటోలు దిగి బస్సెక్కుతారు, మేమూ దిగుతాం. దొర దగ్గర పనిచేసి, దూరాల నుంచి కూలీల్ని సమకూర్చిన వీణెం వీరన్న పేరు ఈ జిల్లాలో కొందరికి తెలుసు. ధవళేశ్వరం కొండ తొలిచి రాయి మోసిన వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు. కావేరి ఇసకలో మొదటి రాయి వేసినవాడి పేరు అంతకన్నా తెలియదు. నవల రాయదలుచుకున్న యువమిత్రులకి ఇందులో కాలయంత్రమే కావలిస్తే అదీ వుంది: ఒక ఒడ్డున కల్లణై, ఒక ఒడ్డున ధవళేశ్వరం, మధ్య పదిహేడు పద్ధెనిమిది వందల ఏళ్లు. మొదటి అధ్యాయంలో కూలివాడొకడు వేసిన రాయి ఇసకలో మాయమైపోతుంది. మేస్త్రీ తిడతాడు. రెండో రాయి కూడా మాయమవుతుంది. మూడోది వెయ్యాలా వద్దా అని వాళ్లిద్దరూ నీళ్లలో నిలబడి వాదించుకుంటారు. అక్కణ్ణించి రాయండి.